సర్వర్ గదిలో ఆ ఏడాది

కంప్యూటర్ భద్రత అనగానే మనవాళ్లకు దొంగతనమే గుర్తొస్తుంది. పాస్‌వర్డ్ పోయిందా, ఖాతాలో డబ్బు పోయిందా, ఫోటోలు బయటికి పోయాయా అని అడుగుతారు. కర్నూలులో ఒక ఇంజనీరింగ్ కళాశాల సర్వర్లు చూసుకుంటూ గడిపిన ఏళ్లలో నాకు అలాంటి దొంగతనం ఎదురుపడలేదు. ఆగిపోవడం మాత్రం చాలా చూశాను. ఎవరూ ఏమీ ఎత్తుకుపోరు, ఒక్క అక్షరం కూడా చెరగదు, అయినా కౌంటర్ ముందు వరుస కదలదు. సర్వర్ డౌన్ అంటే ఏమిటో రేషన్ డిపో దగ్గరా మీసేవ దగ్గరా నిలబడిన మా సీమ జనానికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అయితే అది కరెంటు పోయో, కేబుల్ తెగో వచ్చే బెడద అనుకుంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఒక చిన్న లోపం పట్టుకుని ఎవరైనా కావాలనే పని ఆపేయగలరన్న సంగతి నాకు 2015లో బాగా తెలిసివచ్చింది. అందుకే ఆ ఏడాది గురించి రాస్తున్నాను.

అంతకుముందు 2009 వరద సంగతి చెప్పాలి. ఆ అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు ఊళ్లోకి వచ్చేశాయి. మా కళాశాల ఆఫీసు అప్పట్లో ఊళ్లోనే, హంద్రీకి దగ్గరగా, కింది అంతస్తులో ఉండేది. నీళ్లు తీసిన తర్వాత తలుపు తోస్తే తెరుచుకోలేదు, లోపల ఒండ్రు అంత ఎత్తున పేరుకుపోయింది. సీపీయూ డబ్బా మూత విప్పితే మదర్‌బోర్డు కనబడలేదు, ఎర్రటి బురద ఒక్కటే అచ్చుపోసినట్టు గట్టిపడి ఉంది. ఫీజుల లెక్కలన్నీ అందులోనే ఉండేవి. తడిసిన రసీదు పుస్తకాలను మిద్దె మీద ఎండబెట్టి, అంటుకుపోయిన కాగితాలను ఒక్కొక్కటే విడదీసి, మళ్లీ మొదటినుంచీ ఎక్కించాం. సిరా చెదిరిపోయిన చోట పిల్లల ఇళ్లకు ఫోన్ చేసి, వాళ్ల దగ్గరున్న రసీదు చూసి చెప్పమని అడిగాం.

ఆ దెబ్బతో యాజమాన్యం ఊరి బయట క్యాంపస్‌లో మొదటి అంతస్తున ఒక గది సర్వర్ల కోసమే కేటాయించింది. ఒక్కో పనికి ఒక్కో కంప్యూటర్ కొనే స్తోమత లేదు. అందుకని కొంచెం పెద్ద సర్వర్లు రెండు కొని, సెంటాస్ లినక్స్ వేసి, కేవీఎం ద్వారా వాటిలోనే వర్చువల్ మెషీన్లు పెట్టాం. అంటే పెట్టె ఒకటే, లోపల చాలా కంప్యూటర్లు. ఫీజులది ఒకటి, హాజరుది ఒకటి, పరీక్షల విభాగానిది ఒకటి, గ్రంథాలయానిది ఒకటి. కడపలో మా యాజమాన్యానిదే ఇంకో కళాశాల ఉండేది, దాని లెక్కలు కూడా ఇక్కడే నడిచేవి. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటి రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్న కడప కౌంటర్‌లో రసీదు కొట్టాలంటే కర్నూలు గదిలో ఆ పెట్టె పలకాలి. ఇవి చాలక, ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ చేసే మూడో ఏడు పిల్లలకు కూడా వాటిలోనే వర్చువల్ మెషీన్లు ఇచ్చాం. వాళ్లు నేర్చుకోవాలి కాబట్టి లోపల రూట్ అధికారం, అంటే ఆ మెషీన్‌లో ఏదైనా చేయగల హక్కు, కూడా ఇచ్చాం.

ఒక్కో వర్చువల్ మెషీన్ తనకు సొంత ప్రాసెసర్, సొంత ర్యామ్, సొంత డిస్కు ఉన్నాయనే అనుకుంటుంది. అడుగున ఉన్నవి మాత్రం అందరికీ కలిపి ఒకటే. వాటిని పంచిపెడుతూ ఒకరి జోలికి ఒకరు పోకుండా చూసే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా పారే కేసీ కాలువ చూసినవాళ్లకు ఈ ఏర్పాటు సులభంగానే అర్థమవుతుంది. తూములు, వంతులు సరిగా ఉన్నంతకాలం అందరికీ నీళ్లే. ఎగువన ఒక్కడు అడ్డుకట్ట వేస్తే చివరి ఆయకట్టు ఎండుతుంది, వాడు ఎవరి చేనులోనూ అడుగుపెట్టనక్కర్లేదు. సేవను ఆపేసే దాడి, అంటే డినయల్ ఆఫ్ సర్వీస్, సరిగ్గా ఇదే.

2015 మే 13 బుధవారం. అమెరికాలో క్రౌడ్‌స్ట్రైక్ సంస్థలో పనిచేసే జేసన్ గెఫ్నర్ ఒక లోపాన్ని బయటపెట్టారు. దానికి వెనమ్ అని పేరు పెట్టారు. క్యూఎమ్యూ అనే సాఫ్ట్‌వేర్ వర్చువల్ మెషీన్లకు నకిలీ పరికరాలను తయారుచేసి పెడుతుంది. కేవీఎం, జెన్ అనే హైపర్‌వైజర్లు రెండూ దాని కోడ్‌నే వాడతాయి. ఆ నకిలీ పరికరాల్లో ఒకటి ఫ్లాపీ డ్రైవ్ కంట్రోలర్. ఫ్లాపీకి వచ్చే ఆజ్ఞలను దాచుకోవడానికి దానికి 512 బైట్ల చోటుంటుంది. ఒక ఆజ్ఞ పని అయిపోగానే ఎంతవరకు నిండిందన్న లెక్క సున్నాకు రావాలి. రెండు ఆజ్ఞల విషయంలో అది వెంటనే రావడం లేదు. లోపలున్నవాడు వరసగా రాస్తూపోతే ఆ చోటు నిండి పక్క జాగాలోకి పొర్లుతుంది. అప్పుడు వర్చువల్ మెషీన్ కూలిపోవచ్చు, చేయి తిరిగినవాడైతే దానిలోంచి బయటపడి అసలు సర్వర్‌లోకే రావచ్చు. ఈ లోపం 2004 నుంచీ ఆ కోడ్‌లో ఉంది. పదకొండేళ్లు ఎవరి కంటా పడలేదు.

మరుసటి రోజు నేను ప్రిన్సిపల్ గారి దగ్గరికి పోయి, శనివారం రాత్రి సర్వర్లు ఆపాలి సార్ అన్నాను.

"మన దాంట్లో ఫ్లాపీ యాడుందమ్మా? ఫ్లాపీ చూసి ఎన్నేండ్లాయె!"

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. మా పిల్లల్లో ఫ్లాపీని కళ్లతో చూసినవాళ్లే తక్కువ. కానీ మనం ఫ్లాపీ పెట్టినా పెట్టకపోయినా ఆ నకిలీ కంట్రోలర్ వర్చువల్ మెషీన్‌తోపాటే పుడుతుంది. ఫ్లాపీ వద్దని సెట్టింగుల్లో రాసినా, ఇంకో లోపం వల్ల ఆ కోడ్ జెన్‌లోనూ క్యూఎమ్యూలోనూ బతికే ఉంటుందని హెచ్చరికలోనే రాశారు. ఎవరూ వాడని వస్తువు కాబట్టే ఎవరూ దాని కోడ్ తిరగేసి చూడలేదు. ఈ మాట చెబితే ఆయన కాసేపు ఆలోచించి, "సరే, రాత్రే కానీ, పగలు వద్దు" అన్నారు.

సవరించిన ప్యాకేజీ వెంటనే వచ్చింది. అది వేయడం నిమిషాల పని. అసలు ఇబ్బంది తర్వాత ఉంది. వర్చువల్ మెషీన్ లోపలినుంచి రీబూట్ కొడితే చాలదు. బయట దాన్ని మోస్తున్న క్యూఎమ్యూ ప్రాసెస్ పాతదే, అది అలాగే నడుస్తూంటుంది. ఒక్కో మెషీన్‌ను పూర్తిగా ఆపి, మళ్లీ మొదటినుంచీ లేపాలి. చాలామంది ప్యాకేజీ వేసి, రీబూట్ కొట్టి, పని అయిపోయిందనుకున్నారని తర్వాత విన్నాను. ఆ రాత్రి గ్రంథాలయం మెషీన్‌తో మొదలుపెట్టి, ఫీజుల మెషీన్‌ను చివరికి ఉంచుకుని, ఒక్కోదాన్ని ఆపి లేపుతూ వచ్చాను. బయట కర్నూలు మే నెల రాత్రి, గోడ మీద చేయి పెడితే ఇంకా వేడి. గది ఏసీ ఒకటి అంతకుముందే మొరాయించి ఉంది, ఉన్న ఒక్కదాని ముందు సర్వర్లు, వాటి వెనక నేను. ఆ నెలాఖరుకు ఆంధ్ర, తెలంగాణల్లో వడదెబ్బతో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండాకాలమంటే ఆ ఏడాదిదే ఎండాకాలం.

ఆగస్టులో ఒక రోజు మాత్రం నేను మరిచిపోలేను. సప్లిమెంటరీ పరీక్షల ఫీజుకు అదే ఆఖరు తేదీ. సాయంత్రం దాటితే ఆలస్య రుసుము. పొద్దున పదకొండు తర్వాత కౌంటర్‌లో రసీదు కొట్టడం మెల్లగా తగ్గి, పూర్తిగా ఆగిపోయింది. కడపనుంచి క్లర్కు ఫోన్ చేశాడు: "ఏం మేడం, ఆడ ఏమైంది? ఈడ నూరుమంది నిలబడినారు." సర్వర్ బతికే ఉంది, పింగ్ కొడితే పలుకుతోంది. కానీ లోపలికి లాగిన్ కావడానికే యుగం పట్టింది. లాగిన్ అయ్యాక చూస్తే ప్రాసెసర్లు దాదాపు ఖాళీగా ఉన్నాయి, డిస్కుల దీపాలు మాత్రం ఆరకుండా వెలుగుతున్నాయి.

కారణం ల్యాబ్‌లో ఉంది. కొత్త ప్రాసెస్‌ను పుట్టించే ఫోర్క్ పాఠం జరుగుతోంది. ఒక పిల్లాడు దాన్ని లూపులో పెట్టి, ఎక్కడ ఆపాలో రాయలేదు. ప్రోగ్రామ్ తనలాంటివాటిని పుట్టిస్తూ పోయింది, పుట్టినవి మళ్లీ పుట్టిస్తూ పోయాయి. ఆ మెషీన్‌కు ఇచ్చిన ర్యామ్ నిండిపోయింది, మిగిలినదాన్ని డిస్కు మీదికి తోయడం మొదలుపెట్టింది. ఆ డిస్కు ఫీజుల మెషీన్‌ది కూడా. పిల్లాడి మెషీన్ గోడ దాటలేదు, ఎవరి ఫైలూ తాకలేదు. అందరూ కలిసి వాడే డిస్కును మాత్రం ఊపిరాడకుండా చేసింది. ఆ మెషీన్‌ను కరెంటు పీకినట్టు ఆపేశాక కొద్ది నిమిషాలకు కౌంటర్ కదిలింది.

ఈలోగా నేను కిందికి పోయి కౌంటర్ దగ్గర నిలబడ్డాను. వరుసలో ఆలూరు దిక్కునుంచి వచ్చిన ఒకావిడ ఉంది. కొడుకు బెంగళూరులో ఏదో చిన్న కొలువులో ఉన్నాడట, సెలవు ఇవ్వలేదని ఆవిడే వచ్చింది. బట్టల అంగడి ప్లాస్టిక్ కవరులో డబ్బు, కొడుకు హాల్ టికెట్టు నకలు, ఒక ఫోన్ నంబరు రాసిన చీటీ. చీటీని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని ఉంది.

"ఎంతసేపు పడ్తాది మ్మా? పొద్దు గూకితే మా ఊరికి బస్సు ల్యాదు."

"వస్తాదమ్మా, చూస్తాండాం," అన్నాడు మా క్లర్కు.

"పొద్దన్నుంచి అదే చెప్తాండారు. మా వాని పరీచ్చ పోతే ఎవురు ఇస్తారు?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. యాజమాన్యం ఆ పూటకు చేత్తో రసీదులు రాయడానికి ఒప్పుకుంది. ఆవిడ ఫీజు అలా కట్టించుకున్నాం. బస్సు దొరికిందో లేదో తెలియదు. ఏ పట్టికలోనూ ఆవిడ సంగతి ఎక్కదు. సమాచారం చోరీ అయిందా? లేదు. చెరిగిందా? లేదు. భద్రత లెక్కల్లో ఆ రోజు ఏమీ జరగనట్టే.

ఆ తర్వాత నేను పిల్లల మెషీన్లకు డిస్కు వాడకంలో హద్దు పెట్టాను, ప్రాసెస్‌ల సంఖ్యకు హద్దు పెట్టాను. అవి సెట్టింగులతో తీరే సమస్యలు. సెట్టింగులతో తీరనిది నవంబరులో వచ్చింది.

నవంబరు 10, మంగళవారం, దీపావళి ముందు రోజు. అంతకు ముందురోజే పుదుచ్చేరి దగ్గర వాయుగుండం తీరం దాటింది. చిత్తూరు, నెల్లూరు, కడప జిల్లాల్లో ఒకటే వాన. కడప నుంచి ఫోన్ లైను వస్తూ పోతూ ఉంది. ఆ సాయంత్రం జెన్ వాళ్ల హెచ్చరిక వచ్చింది, కేవీఎంకు కూడా అదే, అదే రోజు మైక్రోసాఫ్ట్ తన హైపర్-వి గురించీ అదే చెప్పింది. ఒకదానితో ఒకటి పోటీపడే మూడు సాఫ్ట్‌వేర్లకు ఒకే రోజు ఒకే హెచ్చరిక రావడం నేనెప్పుడూ చూడలేదు. చదివితే కారణం అర్థమైంది. లోపం మూలం సాఫ్ట్‌వేర్‌లో లేదు, ప్రాసెసర్ నడిచే తీరులోనే ఉంది. ఇంటెల్‌లోనూ ఏఎమ్‌డీలోనూ.

సంగతి ఇది. మెమరీలో అంకెలను ఒక పద్ధతి ప్రకారం, నాలుగో ఎనిమిదో బైట్ల హద్దు దగ్గర పెడతారు. హద్దు తప్పితే చెప్పమని ప్రోగ్రామ్ అడగవచ్చు. అప్పుడు ప్రాసెసర్ అలైన్‌మెంట్ చెక్ అనే ఫిర్యాదు లేపుతుంది. ఫిర్యాదును ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందించడానికి కొన్ని అంకెలను స్టాక్ అనే చోట రాయాలి. ఆ స్టాక్ కూడా హద్దు తప్పి ఉంటే? రాయబోతుండగానే మళ్లీ అదే ఫిర్యాదు. దాన్ని అందించబోతే మళ్లీ. ఈ చక్రం ప్రాసెసర్ కడుపులో మైక్రోకోడ్ అనే చోట తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో బయటినుంచి వచ్చే ఏ పిలుపునూ ఆ కోర్ వినిపించుకోదు.

సొంత కంప్యూటర్ మీద ఎవరైనా ఇలా చేస్తే వాళ్ల కంప్యూటరే బిగుసుకుంటుంది, ఆపి మళ్లీ వేసుకుంటారు. అందుకే అన్నేళ్లూ ఎవరూ దీన్ని పట్టించుకోలేదు. ఒకే ప్రాసెసర్‌ను పదిమంది పంచుకునే రోజులు వచ్చాక కథ మారింది. వర్చువల్ మెషీన్‌లో రూట్ ఉన్న ఎవరైనా ఈ చక్రం తిప్పితే, అడుగునున్న అసలు కోర్ చిక్కుకుపోతుంది. హైపర్‌వైజర్ చేతికి పగ్గాలు తిరిగి రావు. దీన్ని కనిపెట్టినవారు అప్పట్లో గూగుల్‌లో పనిచేస్తున్న బెన్ సెరెబ్రిన్. దీనికి తోబుట్టువులాంటి రెండో లోపాన్ని, డీబగ్ ఫిర్యాదుతో అదే చక్రం తిప్పేదాన్ని, సూసె సంస్థలోని యాన్ బాయ్‌లిక్ పట్టుకున్నారు. కేవీఎం కోసం సవరణ రాసింది కూడా గూగుల్ ఇంజనీరే, ఎరిక్ నార్తప్. ఆ సవరణ చాలా చిన్నది. ఈ ఫిర్యాదు లేచిన ప్రతిసారీ ముందు హైపర్‌వైజర్ దగ్గరికి రా అని ప్రాసెసర్‌కు చెప్పడం, అంతే. ఒకసారి పైకి వస్తే చాలు, చక్రం తెగిపోతుంది.

తీవ్రత కొలబద్దలో దీనికి 10కి 4.9 ఇచ్చారు. అంటే మధ్యస్థం. రహస్యాలు బయటపడవు, సమాచారం చెడదు, సేవ మాత్రమే ఆగుతుంది అని ఆ లెక్క. ఆ "మాత్రమే" చదివినప్పుడు నాకు ఆలూరు ఆవిడే కళ్లముందు మెదిలింది. లెక్క కట్టినవాళ్లను తప్పుపట్టను, వాళ్ల సూత్రం ప్రకారం వాళ్లు కట్టారు. రెండో సర్వర్‌కు క్షణాల్లో మారగలిగే పెద్ద సంస్థలకు అది మధ్యస్థమే కావచ్చు. ఉన్నదే ఒకటీ రెండూ అయిన మాలాంటి చోట అది గరిష్ఠం.

పండగ అయిపోయాక నిజంగా అంత పని చేస్తుందా అని ఒక పాత డెస్క్‌టాప్ మీద చూశాం. బెంగళూరులో ఉద్యోగం చేసే మా పాత విద్యార్థి ఒకడు పరీక్షించడానికి చిన్న ప్రోగ్రామ్ రాసి ఇచ్చాడు. ఆ డెస్క్‌టాప్‌కు నెట్ తీసేశాం. దాని మీద కేవీఎం వేసి, రెండు వర్చువల్ మెషీన్లు పెట్టి, ఒకదానిలో ఈ ప్రోగ్రామ్, రెండోదానిలో సెకనుకొకసారి గడియారం చూపించే గీత. ఎంటర్ కొట్టగానే మొదటిది బిగుసుకుంది. గడియారం ఇంకాసేపు నడిచింది. ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం, ఏమీ కాలేదే అని. అంతలో అసలు కంప్యూటర్ తెర మీద తెల్ల అక్షరాల్లో ఒక వాక్యం: సాఫ్ట్ లాకప్, రెండో సీపీయూ 22 సెకన్లుగా చిక్కుకుపోయింది. కాసేపటికి ఇంకో సీపీయూ పేరు. నిజానికి చక్రంలో పడిన కోర్ నోరు మెదపదు, మెదపలేదు. దాన్నుంచి జవాబు రావాలని ఎదురుచూస్తూ పక్క కోర్లు ఒక్కొక్కటే చిక్కుకుపోతూ, ఆ మాట చెబుతూ వచ్చాయి. గడియారం ఒక సెకను మీద నిలబడిపోయింది. కీబోర్డు మీద క్యాప్స్‌లాక్ నొక్కితే దీపం మారలేదు. పవర్ బటన్ అదిమి పట్టుకోవడం తప్ప దారి లేకపోయింది.

పది వరసల ప్రోగ్రామ్. అది రాయడానికి నిపుణుడే కావాలి, కానీ ఒకసారి రాసి పెట్టాక నడపడానికి ఎవరైనా చాలు. మా సర్వర్‌లో రూట్ ఉన్న పిల్లలు ఒక తరగతి నిండా ఉన్నారు.

ఇంకో చిక్కు. అప్పట్లో మేం వాడిన సెంటాస్ 6కు సవరించిన కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో కేవీఎం ఉండే అడుగు పొర, డిసెంబరు నడిమి దాకా చేతికి రాలేదు. అప్పటివరకు చేయగలిగింది ఒక్కటే, రూట్ ఉన్నవాళ్లను ఫీజుల సర్వర్‌లోంచి బయటికి తేవడం. ల్యాబ్ మెషీన్లన్నీ ఆపేశాను. ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం ఆ నెల డెస్క్‌టాప్‌ల మీదే జరిగింది. అధ్యాపకులు గొణిగారు, పిల్లలు అంతకంటే ఎక్కువ గొణిగారు. "మా మీద నమ్మకం ల్యాదా మేడం?" అని ఒకడు అడిగాడు. నమ్మకం గురించి కాదు నాయనా, నీ మెషీన్‌లో వేరెవరైనా దూరినా ఇదే జరుగుతుంది, ఫీజులదీ నీదీ ఒకే ప్రాసెసర్ మీద ఉండటమే తప్పు అని చెప్పాను. ప్రిన్సిపల్ గారు ఈసారి ఏమీ అడగలేదు. ఆ డెస్క్‌టాప్ బిగుసుకోవడం ఆయనకు చూపించాం.

డిసెంబరులో కొత్త కెర్నల్ వచ్చింది. కెర్నల్ మార్చాలంటే సర్వర్ మొత్తం ఆగి లేవాలి. కడపకు ముందే చెప్పాం, ఫలానా రాత్రి పదినుంచి పనిచేయదు అని. పెద్ద సర్వర్ ఇంట్లో కంప్యూటర్‌లా లేవదు. ర్యామ్ అంతా లెక్కపెట్టుకుంటుంది, డిస్కులను ఒక్కొక్కటే పలకరిస్తుంది, ఫ్యాన్లు ఒక్కసారి గట్టిగా అరిచి తగ్గుతాయి. ఆ నిమిషాల్లో తెర నల్లగా ఉంటుంది, గుండె నోట్లోకొస్తుంది. లేచాక ముందు కొత్త కెర్నల్ పేరు చూసి, ఒక ఖాళీ వర్చువల్ మెషీన్ పెట్టి అదే ప్రోగ్రామ్ నడిపాం. ఆ మెషీన్ ఒక్కటే తన కోర్‌ను నూటికి నూరు శాతం తినేస్తూ కొట్టుకుంటోంది. పక్కవన్నీ నడుస్తున్నాయి. బయటినుంచి ఆపితే ఆగింది. అంతే కావలసింది. తెల్లవారుజామున కడప క్లర్కు తన ఫోన్‌లోంచే ఫీజుల పేజీ తెరిచి చూసి, "వచ్చింది మేడం" అన్నాడు.

ల్యాబ్ మెషీన్లను మాత్రం నేను మళ్లీ ఆ సర్వర్ల మీదికి రానివ్వలేదు. పాతవి రెండు బాగుచేయించి వాటికి విడిగా పెట్టాం. ఇలాంటి లోపం ఇంకోటి వస్తుందనడంలో నాకు అప్పుడే సందేహం లేదు. వచ్చింది కూడా. 2019 నవంబరులో ఇంటెల్ ప్రాసెసర్లలో మరొకటి బయటపడింది. వర్చువల్ మెషీన్ లోపలివాడు మెమరీ పేజీల సైజును ఒక తీరుగా మారిస్తే అసలు సర్వరే హఠాత్తుగా ఆగిపోతుంది. దాన్ని అడ్డుకోవడానికి కేవీఎం పెద్ద పేజీలను వాడే పద్ధతే మార్చుకోవలసి వచ్చింది.

ఈ మధ్యలో ఆగిపోవడం మన చుట్టూ ఎన్ని రూపాల్లో వచ్చిందో చూశాం. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్, వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు మూతపడ్డాయి. 2019 ఏప్రిల్ చివర రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ వల్ల ఆగాయి, మా కర్నూలు, కడపలకు కరెంటిచ్చే సంస్థదీ వాటిలో ఉంది. 2023 ఫిబ్రవరి 3న ప్రపంచవ్యాప్తంగా వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్ఐ అనే హైపర్‌వైజర్ నడిచే సర్వర్ల మీద పడిన దాడిలో మూడు వేలకు పైగా సర్వర్లు దెబ్బతిన్నాయి. దాడి చేసినవాళ్లు వర్చువల్ మెషీన్ల ఫైళ్లకు అడుగునుంచే తాళం వేశారు. ఒక్కో పెట్టె మూతపడితే అందులోని కంప్యూటర్లన్నీ మూతపడ్డాయి. ఆ దాడికి దారి ఇచ్చిందని చెప్పిన లోపానికి మందు 2021 ఫిబ్రవరిలోనే విడుదలైంది. రెండేళ్లు వేయకుండా కూర్చున్న సర్వర్లు అవి. 2023 ఏప్రిల్‌లో, ఆ లోపమున్న ఎస్‌ఎల్‌పీ అనే సేవలోనే ఇంకో లోపం బయటపడింది. 29 బైట్ల ప్రశ్న పంపితే ఆ సేవ నడిచే సర్వర్లు దానికి 2,200 రెట్ల దాకా జవాబును వేరెవరి మీదికో కుమ్మరించేలా చేయవచ్చని బిట్‌సైట్, క్యూరెసెక్ సంస్థలవాళ్లు చూపించారు. మన సర్వర్‌ను మనకు తెలియకుండానే పక్కవాడి మీదికి ఉసిగొల్పడమన్నమాట.

ఈఎస్‌ఎక్స్ఐ లోపానికి వచ్చిన మందును రెండేళ్లు ఎందుకు వేయలేదని చాలామంది ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యం వేయలేదు. వేయాలంటే ఆపాలి. ఆపాలంటే అనుమతి కావాలి. అడిగినప్పుడల్లా అడ్మిషన్లనో, పరీక్షలనో, ఆడిట్ అనో ఒక మాట వస్తుంది. జిల్లా ఊళ్లలో ఆసుపత్రులు, కళాశాలలు, సహకార సంఘాలు, చిన్న బ్యాంకులు చూసుకునే నావంటివాళ్లు వందలమంది. వాళ్లలో చాలామంది ఒంటరిగా పనిచేస్తారు. ఏం చేయాలో వాళ్లకు తెలుసు, చేయడానికి రాత్రి నాలుగు గంటలు ఎవరూ ఇవ్వరు.

దాడి జరిగితే ఆరు గంటల్లోగా తనకు చెప్పాలని కేంద్రప్రభుత్వ కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశం ఇచ్చింది. మంచిదే. జరగకముందే ఆపుకునే సమయం కూడా ఇవ్వాలి. అందుకే యాజమాన్యాల్లో ఉన్నవారికి నా మనవి: మీ సర్వర్లు చూసే మనిషి వచ్చి ఫలానా రాత్రి ఆపాలి అంటే, ఫ్లాపీ ఎక్కడుందని అడగండి, తప్పులేదు, జవాబు విన్నాక ఆ రాత్రి ఇవ్వండి. నెలకొక రాత్రి ముందే ఖరారు చేసి నోటీసు బోర్డులో పెట్టండి. బయటివాళ్లకూ విద్యార్థులకూ ఇచ్చే మెషీన్లను జనం పని జరిగే సర్వర్ మీద పెట్టకండి. సర్వర్ ఆగినా చేత్తో రసీదు రాసే పుస్తకం ఒకటి కౌంటర్‌లో ఉంచండి.